పిట్ట ముట్టని ముద్ద

మలక్‌పేటలో రేసు కోర్సు గోడ వెనక, గుర్రాల కొట్టంలో, గడ్డి మోపుల సందున ముడుచుకుని పడుకున్న ఆగయ్యను పోయిన భాగంలో అక్కడే వదిలి వచ్చాం. బేగంబజార్‌లో మనీష్ సేటు గిన్నెల దుకాణానికి ఇరవై ఏళ్లు ట్రాలీ ఆటో తోలిన మనిషి. లెక్కకెక్కని సొమ్ము సంచి ఒకటి సేటు చేరవేయమంటే చేరవేయకుండా, అదే దుకాణంలో మూటలు మోసే డానియేలుతో కలిసి మింగిన మనిషి. సంచిని ఆగయ్య తన ఇంట్లోనే దాచాడు. ఎక్కడ దాచాడో పెళ్లానికి చెప్పలేదు, డానియేలుకూ చెప్పలేదు. లొల్లి చల్లబడ్డాక డానియేలు కొట్టానికి రావాలి, ఇద్దరూ పోయి తీసుకోవాలి, సగం సగం పంచుకుని ఎవరి దారిన వాళ్లు పోవాలి. అదీ మాట. విడిపోయిన రోజు డానియేలు వానకు తడిసి గజగజలాడుతుంటే ఆగయ్య తన పొడి చొక్కా విప్పి ఇచ్చి, బనీను మీదే కొట్టానికి వచ్చాడు. వాడు బతుకులో చేసిన మంచి పనులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో అదొకటి.

డానియేలు రాలేదు.

సిమ్ము తీసి మూసీలో పారేసినవాడికి కబురెట్లా తెలుస్తుంది? రెండు వారాలు గుర్రాల ఉచ్చ వాసనలో పడుకున్నాడు. మొదట భయపడ్డాడు. తర్వాత అనుమానపడ్డాడు. దొంగ అయినవాడికి లోకమంతా దొంగలే. డానియేలుగాడు తన ఇల్లంతా గాలించి, సొమ్ము దొరకబుచ్చుకుని, పెళ్లాన్ని తీసుకుని ఏ గుంటూరుకో చెక్కేసి ఉంటాడని తీర్మానించుకున్నాడు. ఆ కసితోనే లేచాడు. రాత్రి పూట పోతే గల్లీలో కుక్క కూడా గుర్తుపడుతుంది. మిట్టమధ్యాహ్నం పోతే మనిషిని మనిషి చూడడు. మాసిన గడ్డం, మాస్కు, నెత్తిన గుర్రాలవాడి టోపీ. షేరింగ్ ఆటోలో ముగ్గురి నడుమ ఇరుక్కుని ఉప్పుగూడలో దిగాడు.

గల్లీ మొదట్లో షామియానా కనబడింది. ఎవరింట్లోనో ఫంక్షనని సంతోషపడ్డాడు. జనంలో కలిసిపోవచ్చు. నాలుగడుగులు వేశాక మసాలా వాసన వచ్చింది, పెద్ద గిన్నెలో బోటి ఉడుకుతున్న వాసన. ఇంకో నాలుగడుగులు వేసి తలెత్తాడు.

కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో వాడే ఉన్నాడు.

ఎవరి పెళ్లిలోనో తీసిన ఫోటో. పక్కవాడిని కోసేశారు కానీ వాడి చెయ్యి ఆగయ్య భుజం మీదే మిగిలిపోయింది. మెడలో పూలదండ వేసినట్టు కంప్యూటర్‌లో అతికించారు. పైన కీర్తిశేషులు అని రాసి ఉంది. కింద అశ్రునయనాలతో అంటూ గుండ్రటి ఫోటోల్లో గల్లీ పెద్దలు వరసగా నవ్వుతున్నారు. వాడు జ్వరంతో పడుంటే గుమ్మం తొక్కని మొహాలు. బతికుండగా వాడి పేరు ఇంత పెద్ద అక్షరాల్లో ఎవడూ రాయలేదు.

ఆగయ్య మాస్కు పైకి లాక్కున్నాడు. వెనక్కి తిరిగి పోవలసినవాడే. వాడి రెక్క పట్టుకుని ఎవరో లాగారు.

"ఎండల నిలవడ్డవేంది బై? రా, కూసో. దినం బువ్వకు పిలుపు అక్కర లేదు."

ఎదురింటి శివయ్య. కళ్లకు శుక్లాలు, కడుపులో కల్లు. రెండూ ఆగయ్యకు అక్కరకొచ్చాయి. చివరి వరసలో గోడ వైపు కుర్చీలో కూర్చోబెట్టి, తనూ పక్కనే కూలబడ్డాడు.

"యాడికెల్లి వచ్చినవ్?"

"మలక్‌పేట." ఆగయ్య గొంతు బొంగురు చేశాడు. "ట్రాలీ అడ్డ మీద ఎరుక."

"మంచోడు పాపం," అన్నాడు శివయ్య. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు పెద్దలు. కానీ శివయ్యకు ఆ మర్యాద కూడా ఎక్కువ సేపు నిలవలేదు. "మంచోడంటే ఏంది, పిరికోడు. పిరికోడే మంచోడు. వాని దిక్కు గట్టిగ సూస్తే లాగు తడుపుకునేటోడు. గసుంటోడు సేటు సంచి ఎత్కపోయిండంటే నేనైతే నమ్మ. ఎవడో ముంగట పెట్టి నడిపిచ్చిండు. ఆఖరికి మూసీల తేలిండు. మొకం కూడ మిగల్లేదంట."

మూసీలో తేలాడట. ఆగయ్య తన మోకాలి మీద తన చెయ్యి ఉందో లేదో తడుముకుని చూసుకున్నాడు.

ముందు ప్లేటు పడింది. అన్నం, బోటి, మటన్. ప్లేటు పక్కన తళతళలాడే స్టీలు డబ్బా పెట్టారు. దినానికి వచ్చినవాళ్లకు చచ్చినవాడి గుర్తుగా ఇచ్చే డబ్బా. మూత మీద మిషన్‌తో చెక్కిన పేరు: కీ.శే. ఆగయ్య జ్ఞాపకార్థం. ఇరవై ఏళ్లు ఇటువంటి డబ్బాలు లక్ష మోసి ఉంటాడు. ఊరందరి చావులూ వాడి ట్రాలీలోనే తిరిగాయి. తన వంతు డబ్బా చేతిలో పట్టుకుంటే ఇంత తేలిగ్గా ఉంటుందని అనుకోలేదు.

"డబ్బాలు సేటు దుకాణంకెల్లే వచ్చినయ్," శివయ్య మూతి తుడుచుకున్నాడు. "పెద్ద మనసు. సొమ్ము పోయినా పగ పట్టలె. అగో, మనిషిని కూడ తోలిండు."

శివయ్య గడ్డం చూపించిన వైపు ఆగయ్య కనుకొసల నుంచి చూశాడు. ముందు వరసలో తెల్ల చొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచి, ఎముక లోపలి మూలుగు చప్పరిస్తున్నాడు జగదీశ్వర్. సేటు బాకీలు వసూలు చేసే మనిషి. వసూలు కానివాటిని వేరే విధంగా చూసుకునే మనిషి.

తినాలంటే మాస్కు తీయాలి. ఆగయ్య లేచాడు.

"ఏయ్, యాడికి?" శివయ్య బిత్తరపోయాడు. "దినం ప్లేటు మీదికెల్లి మెతుకు ముట్టకుంట లేస్తరా ఎవడన్న? సచ్చినోడు ఎనుకనే వస్తడు!"

"ఒంటికి పోయొస్త."

ఆగయ్యకు చచ్చినవాడి భయం లేదు. చచ్చినవాడు తనే కదా. షామియానా గుడ్డ తప్పించుకుని, ఇంటి పక్క సందులోకి దూరి, పెరటి గోడ కూలిన చోట నుంచి లోపలికి దిగాడు.

మూలకు చూశాడు.

ఆ మూలలో తాతల నాటి రాగి బాయిలర్ ఉండాలి. నీళ్లు కాచుకునేది. గ్యాసు వచ్చాక దాన్ని ముట్టిన దిక్కు లేదు. సేటు సంచి విప్పి, నోట్ల కట్టలన్నీ పాలిథిన్ కవర్లలో చుట్టి, ఆ బాయిలర్ కడుపులోనే కూరాడు వాడు. మూతికి గుడ్డ కుక్కి తెల్ల సిమెంటు పూశాడు. ఇప్పుడక్కడ గోడ మీద మసి, నేల మీద గుండ్రటి మచ్చ ఉన్నాయి. బాయిలర్ లేదు.

"వచ్చినవా?"

వెనక గది గుమ్మంలో రాజమణి. ఇరవై రెండేళ్ల కాపురం చేసిన పెళ్లాం. అరవలేదు, ఏడవలేదు. రెక్క పట్టి గదిలోకి గుంజి తలుపు దగ్గరికి వేసింది. ఆ గుంజిన చెయ్యి బోసిగా ఉంది. మొహాన బొట్టు లేదు.

"గాజులు తీసినవా?" అన్నాడు ఆగయ్య. అంత పోగొట్టుకున్న మనిషికి నోట్లో మొదట వచ్చిన మాట అది.

"పొద్దుగాల తీసిన్రు. అబద్ధం చెప్పినంక పూరాగ చెప్పాలె. సగం అబద్ధం చెప్పి బతకనీకి నేనేమన్న నీ అసుంటిదాన్నా?"

"బాయిలర్ ఏది?"

"సచ్చి బతికి వచ్చినవ్. పెండ్లాం ఎట్లున్నదనలే. బిడ్డ ఎట్లున్నదనలే. పాత రాగి అడుగుతున్నవ్."

"బాయిలర్ ఏదే?"

"ఏసేసిన. డబ్బాలకు ఏడికెల్లి తేవాలె మరి? జగదీశ్వరే చెప్పిండు, పాత రాగి ఏస్తే సేటు కొత్త స్టీలు ఇస్తడని. ట్రాలీ కూడ వాడే తోలిండు. లోపల సున్నం పేరుకున్నదని రెండు కిలోలు కోసిన్రు. అయినా మస్తు తూగింది. మనిషికో గిలాస ఇద్దామనుకున్న, డబ్బాలే వచ్చినయ్."

ఆగయ్య గోడకు ఆనుకుని జారాడు. నవ్వొచ్చింది, కక్కొచ్చినట్టు. సేటు సొమ్ము సేటు దుకాణానికే చేరింది. రాగి ధరకు తూగింది. ఆ తూకానికి వాడి చావు డబ్బాలొచ్చాయి. బతుకంతా సేటు తక్కెడలో మోసపోయినవాడు, చచ్చి కూడా అందులోనే మోసపోయాడు.

"ఏమున్నది దాంట్ల?" అంది రాజమణి. అడిగేసరికే ఆమెకు తెలిసిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దాంట్లనా? ఓరి నీ... ఒక్క మాట నాకు చెప్తే నీ నోటి ముత్యాలు రాలుతయా?"

"కరగవెట్టనీకి పంపిన్రా?"

"గోదాంల ఏసిన్రు. లారీ నిండలేదంట. ఎల్లుండి పోతదన్నరు."

ఎల్లుండి. అంటే సొమ్ము ఇంకా సేటు గోదాములో పాత రాగి కుప్పలో ఉంది. తాళం, కాపలా ఉన్నా ఆ గోదాము మూల మూలా ఆగయ్యకు ఎరుకే. ఒకసారి దోచినవాడిని మళ్లీ దోచాలి. వాడి తల చురుగ్గా పని చేయడం మొదలుపెట్టింది. అప్పుడు గానీ మిగతా సంగతి బుర్రకెక్కలేదు.

"నేను సచ్చిన్ననెందుకు చెప్పినవ్?"

"బతకనీకి." రాజమణి గొంతు పెంచలేదు. బయట గరిటెల చప్పుడు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. "నువ్వు పోయిన తెల్లారే జగదీశ్వర్ వచ్చి గడప మీద కూసున్నడు. తిట్టలే, కొట్టలే. చాయ్ అడిగి తాగిండు. మన భాగ్యశ్రీ కాలేజీకి పోతే ఎనుకనే బండి ఏస్కొని పోయిండు. మల్ల వచ్చేటప్పుడు ఎనుకనే వచ్చిండు. గదే పని రోజు. పిల్ల కాలేజి బంద్ వెట్టింది. గప్పుడు ఠాణాకెల్లి ఫోన్ వచ్చింది, మూసీల ఒకడు దొరికిండు, జేబుల నీ లైసెన్సు ఉన్నదని."

చొక్కా. పొడి చొక్కా. జేబులో మర్చిపోయిన లైసెన్సు.

"పోయి సూసిన. మొకం మొకం లెక్క లేదు. చొక్కా నీదే, రెండో గుండీ నేను నల్ల దారంతోని కుట్టిందే. కాళ్లు సూసిన. నీ బొటనేలు మీద ట్రాలీ డోరు పడి గోరు నల్లగైంది కదా. వానికి గోరు మంచిగున్నది." బోసి మణికట్టు తడుముకుంది. "మా ఆయనే అని పొర్లి ఏడ్చిన. సచ్చినోని ఎంట ఎవడు పడతడు? బిడ్డను కొమరెల్లిల మా అన్న ఇంటికి తోలిన. ఇగ జగదీశ్వర్ గడప మీద కూసునుడు బంద్ అయింది. నీ పానం నిలవెట్టిన, నా బిడ్డ మానం నిలవెట్టిన. నువ్వు సక్కగ మధ్యాహ్నం పూట నడుచుకుంట వచ్చినవ్."

"వాని చేతి మీద..." ఆగయ్య తన ఎడమ చేతి మీద వేలు పెట్టి చూపించాడు. "ఎడమ చేతి మీద పచ్చబొట్టున్నదా?"

రాజమణి కిటికీ వైపు చూసింది.

"రాజమణీ. సిలువ ఉన్నదా?"

"ఎస్సై కూడ అడిగిండు. చర్చి జాతరకు పోయినప్పుడు సరదాకు పొడిపిచ్చుకున్నడు అని చెప్పిన."

"డానియేలు," అన్నాడు ఆగయ్య.

రెండు వారాలు గడ్డిలో పడుకుని తిట్టిపోసింది వాడినే. గుంటూరుకు పంపింది వాడినే. వాడు నోరు విప్పకుండానే పోయాడు. విప్పడానికి వాడికేం తెలుసు గనక? ఎక్కడ దాచానో చెప్పకపోవడం తన తెలివి అనుకున్నాడు ఆగయ్య. ఆ తెలివే వాడిని చంపింది. చెప్పడానికి ఏదో ఒకటి ఉంటే చెప్పి బతికేవాడేమో.

"నీకు తెల్సా? వాడు డానియేలని గప్పుడే తెల్సా?"

"తెల్సు. మనింట్ల ఎన్నిసార్లు తిన్నడు. ఆ చేతికి బువ్వ ఏసినదాన్ని నేను."

"మరి సుజన?"

ఆ పేరు వినగానే రాజమణి మొహం మొదటిసారి చెదిరింది. సుజన డానియేలు పెళ్లాం. "వంటింట్ల ఉన్నది. పొద్దటికెల్లి ఉల్లిగడ్డలు కోస్తున్నది. నా కష్టానికి ఆసర కావాలె అని తనంతల తనే వచ్చింది. మా ఆయన జాడ ఏమన్న ఎవరన్న చెప్తే చెప్పు వదినా అని మూడుసార్లు అడిగింది. ఉల్లిగడ్డలని పేరు పెట్టి ఏడుస్తున్నది."

వాళ్లలో మట్టి చేస్తారు. పెట్టెలో పడుకోబెట్టి, పాటలు పాడి, మీద పేరు రాసిన రాయి పెడతారు. వీళ్లు వాడికి ఆగయ్య పేరు పెట్టి కట్టెల మీద కాల్చారు.

"పాపం ఊరికే పోతదా," రాజమణి గొణిగింది. "పొద్దుగాల మిద్దె మీద పిట్టకు పెట్టినం. నీకిష్టమని బోటి పెట్టిన, కల్లు పెట్టిన, బీడీ కూడ పెట్టిన. పిట్ట ముట్టలే. ఒక్క కాకి రాలే. అందరు నా దిక్కే సూస్తున్నరు, ఆగయ్యకు ఏం కోరిక తీరలేదో అనుకుంట. ఎండకు మాడు పగులుతున్నది. సుజన ఓ దిక్కు కూసోని చాయ్ తాగుతున్నది. ఏమనుకున్నదో, చేతిల ఉన్న ఉస్మానియా బిస్కెట్టు ఇస్తార్ల ఏసింది. ఏసుడుతోనే వచ్చింది కాకి. బోటి ముట్టలే, కల్లు ముట్టలే. బిస్కెట్టు ఎత్కపోయింది."

ఆగయ్యకు గుర్తొచ్చింది. గోదాము ముందు చాయ్ బండి దగ్గర, బిస్కెట్టు మొత్తం ముంచి, మెత్తబడి కప్పులో పడిపోతే వేలితో తీసుకుని నాకే డానియేలు. మూటకు మూటకు మధ్య వాడికి అదే పండగ.

"అందరు నవ్విన్రు, ఆగయ్య సచ్చినంక బిస్కెట్లు మరిగిండని. సుజన నవ్వలే. గప్పటికెల్లి నాతోని మాట్లాడుత లేదు."

అవన్నీ విన్నాక ఆగయ్య మనసులో ఒక ముల్లు కదిలింది. మెల్లగా, బాయిలర్ నీళ్లు వేడెక్కినట్టు, ఒక ఆలోచన అడుగు నుంచి పైకి వచ్చింది.

"డానియేలును సంపిందెవరు?"

"ఇంకెవరు. గా జగదీశ్వరే అయి ఉంటడు."

"వాడు సంపితే వానికి ఎరుక ఉండదా, ఎవర్ని సంపిండో?"

రాజమణి తలుపు సందులోంచి షామియానా వైపు తొంగి చూసింది.

"నేను బతికున్ననని పోలీసులకు ఎరుక లేదు. గల్లీకి ఎరుక లేదు. వానికి మాత్రం మొదటికెల్లి ఎరుకే. గడప మీద కూసునుడు ఎందుకు బంద్ వెట్టిండో తెల్సా? కూసుంటే నేను రాను. సచ్చిన్ననుకుంటే వస్త. గందుకే నీ ఏడుపు నమ్మినట్టు చేసిండు. డబ్బాలు ఇప్పిచ్చిండు. నా దినం వాడే చేస్తున్నడే, నాకోసం ఎదురుసూసుకుంట!"

రాజమణి బోసి చేతులు రెండూ గుండెకు చేరాయి. పదకొండు రోజులుగా అందరినీ మోసం చేశాననుకున్న ఆడది, మోసపోయింది తానొక్కతేనని తెలుసుకునేసరికి ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"పో," అంది. "గోడ దుంకి పో. గిప్పుడే."

తలుపు కిర్రుమంది.

తెరుచుకున్న తలుపు బయటి వైపు కాదు, వంటింటి వైపుది. సుజన గడప మీద నిలబడి ఉంది. కుడి చేతిలో ఉల్లిగడ్డలు కోసే కత్తి, ఎడమ చేతిలో స్టీలు డబ్బా. ఎంత సేపటి నుంచి అక్కడుందో. ఆమె చూపు ఆగయ్య మొహం మీద ఆగింది. మాస్కు ఎప్పుడో గడ్డం కిందికి జారి ఉంది. తర్వాత చేతిలోని డబ్బా మూత మీది పేరు వైపు చూసింది. మళ్లీ వాడి వైపు చూసింది. ఉల్లి ఘాటుకు ఎర్రబడ్డ కళ్లలో ఇప్పుడు నీళ్లు లేవు.

"అన్నా," అంది, చాలా నెమ్మదిగా. "నువ్వు గీడున్నవ్. మరి మేం కాలవెట్టింది ఎవర్ని?"

ఆగయ్య టోపీ తీశాడు. రాజమణి నేల చూసింది. ఆ రెండూ చాలు. సుజన డబ్బా మూత మీది పేరును బొటనవేలితో కప్పింది.

"నా బిస్కెట్టు ముట్టిందన్నా కాకి," అంది. "మాది గీ నమ్మకం కాదు. గని నాకు గప్పుడే తెల్సింది."

"సుజనా, జర మెల్లగ... నీ సగం నీకు ఇస్త. ఏసు మీద ఒట్టు. ఎల్లుండి లోపట..."

ఆ మాట అన్నాక అనకుండా ఉండాల్సిందని వాడికే తెలిసింది. సుజన పిడికిలి కత్తి మీద బిగిసింది.

అప్పుడే షామియానా వైపు నుంచి జగదీశ్వర్ గొంతు వినబడింది. తిన్న చేతిని విదిలించుకుంటూ, బంధువుల ఇంట్లో తిరుగుతున్నంత చనువుగా వంటింట్లోకి వస్తున్నాడు.

"అక్కా, ఓ సుజనక్కా! ఆఖరి లైన్ల ఎవడో దినం ప్లేటు మీదికెల్లి మెతుకు ముట్టకుంట లేచిపోయిండంట. శివయ్య లొల్లి చేస్తున్నడు. డబ్బా మాత్రం ఎత్కపోయిండు." అడుగులు పొయ్యి దాకా వచ్చాయి. "గసుంటోడు ఎవడన్న గిటు దిక్కు వచ్చిండా?"

ఆగయ్య తన చేతి వైపు చూసుకున్నాడు. తన పేరున్న డబ్బా ఇంకా వేళ్లలోనే ఉంది.

ఆ గుమ్మానికి సుజన ఒక్కతే అడ్డం. పక్కకు ఒక్క అడుగు వేస్తే చాలు. ఆమె వెనక్కి తిరగలేదు. ఆగయ్య కళ్లలోకే చూస్తూ, వెనకున్న మనిషికి వినబడేటట్టు, నోరు తెరిచింది.